పాక్-మాన్: దయ్యాల నియమాలు – ఆటగాడి పఠనం

వ్యాససంగ్రహం:

1980లో జపాన్‌లో రూపొందిన 'పాక్-మాన్' ఆర్కేడ్ వీడియోగేమ్‌లలో సుప్రసిద్ధమైనది. చిక్కుదారుల్లో చుక్కలు తింటూ నాలుగు దయ్యాల బారి నుండి తప్పించుకోవడం ఇందులోని ఇతివృత్తం. పైకి ఇది చేతివేగానికీ అదృష్టానికీ సంబంధించిన ఆటగా కనిపిస్తుంది. కానీ దయ్యాల కదలికలో ప్రతి మలుపూ ముందే రాసిపెట్టిన నియమాన్ని అనుసరిస్తుంది. ఒక్కొక్క దయ్యానికి ఒక్కొక్క స్వభావం ఉన్నట్లు ఆటగాడికి కలిగే భావన ఆ నియమాల్లోని చిన్నచిన్న భేదాల నుండి పుట్టినదే. ఆటను ఆడే విధానాన్నీ, దయ్యాల కదలికలను నడిపే నియమాలనూ వివరించి, నియమాలను చదవగలగడమే ఈ ఆటలోని అసలు నైపుణ్యమని ప్రతిపాదించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: పాక్-మాన్, ఆర్కేడ్ ఆట, తోరు ఇవతాని, నామ్‌కో, లక్ష్యగడి, నియమం, స్వభావం, యాదృచ్ఛికత, పఠనం.

1. ప్రవేశిక:

మనకు పరిచయమైన ఇంటి ఆటలను స్థూలంగా రెండు రకాలుగా చూడవచ్చు. వైకుంఠపాళిలో కాయ ఎక్కడికి వెళ్ళాలో పాచిక చెబుతుంది. ఆటగాడు చేసేదేమీ లేదు. అష్టాచెమ్మాలో గవ్వలు సంఖ్యను ఇస్తాయి. ఏ కాయను జరపాలన్నది మాత్రం ఆటగాడి ఇష్టం. పులిజూదంలో గవ్వలకు చోటే లేదు. ఎదుట కూర్చున్న మనిషి ఏమి తలుస్తున్నాడో ఊహించి ఎత్తు వేయాలి. అంటే మొదటి రకంలో ఆటగాడు తలపడేది అదృష్టంతో, రెండో రకంలో మరొక మనసుతో.

నాణెం వేసి ఆడే ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాక మూడో రకం ప్రత్యర్థి ఎదురయ్యాడు. అతడు అదృష్టమూ కాదు, మనసూ కాదు, రాసిపెట్టిన నియమం. అయితే ఆ నియమం తెరమీద కనిపించదు. కనిపించేది దాని ప్రవర్తన మాత్రమే. ఆ ప్రవర్తనను చూసిన మనిషి దానికి కోపం, కపటం, చాపల్యం, మందమతి వంటి గుణాలను ఆపాదిస్తాడు. ఈ ఆపాదన ఎలా జరుగుతుందో, దాన్ని దాటి నియమాన్ని ఎలా గుర్తించవచ్చో పరిశీలించడానికి పాక్-మాన్ చక్కని ఉదాహరణ. దీని నియమాలు కొద్దిపాటివి, కచ్చితమైనవి, పూర్తిగా తెలిసినవి. ఆట ప్రోగ్రామును విడదీసి చదివినవారి కృషి వల్ల, ముఖ్యంగా ఆ వివరాలను ఒకచోట కూర్చిన జేమీ పిట్‌మాన్ 'పాక్-మాన్ డోసియర్' వల్ల, దయ్యాల ప్రతి కదలికకూ కారణం చెప్పగలిగే స్థితి నేడు ఏర్పడింది.

2. ఆట పుట్టుక:

1978లో టైటో సంస్థ విడుదల చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' జపాన్‌లో ఆర్కేడ్ యంత్రాలకు విపరీతమైన ఆదరణ తెచ్చింది. దాని తరవాత వచ్చిన ఆటలు ఎక్కువగా కాల్పులు, అంతరిక్షయుద్ధాల చుట్టూ తిరిగాయి. నామ్‌కో సంస్థలో పనిచేస్తున్న తోరు ఇవతాని ఈ ధోరణికి భిన్నంగా ఆలోచించాడు. ఆటశాలలకు అప్పటికి మగపిల్లలే ఎక్కువగా వచ్చేవారు. స్త్రీలు, జంటలు కూడా వచ్చి ఆడుకొనే ఆట కావాలని అతడు కోరుకున్నాడు. అందుకు చంపడం బదులు తినడాన్ని ఇతివృత్తంగా ఎంచుకున్నాడు.

జపనీయభాషలో నోరు తెరుస్తూ మూస్తూ తినడాన్ని సూచించే ధ్వన్యనుకరణశబ్దం 'పాకుపాకు'. మన 'గుటుక్కు', 'కరకర' వంటిదే ఇది. పాక్-మాన్ అన్న పేరుకు ఈ శబ్దమే మూలం. ఒక ముక్క తీసిన పిట్జా ఆకారమూ, నోరు అనే అర్థంగల చతురస్రాకారపు జపనీయలిపిచిహ్నమూ కలిసి పసుపుపచ్చని ఆ గుండ్రని రూపానికి ప్రేరణ అయ్యాయని ఇవతాని చెప్పాడు. ప్రోగ్రామును షిగెయో ఫునాకి, ధ్వనులను తోషియో కాయ్ సమకూర్చారు.

1980 మే 22న టోక్యోలోని షిబుయాలో ఈ యంత్రాన్ని మొదటిసారి ప్రయోగాత్మకంగా జనం ముందు పెట్టారు. అప్పటి పేరు 'పక్-మాన్'. అదే ఏడాది అమెరికాలో మిడ్‌వే సంస్థ విడుదల చేసినప్పుడు, ఆ పేరులోని తొలి ఇంగ్లీషు అక్షరాన్ని కొద్దిగా గీకితే బూతుమాట అవుతుందన్న భయంతో 'పాక్-మాన్'గా మార్చారు. 2012లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం తన సేకరణలో చేర్చుకొన్న మొదటి 14 వీడియోగేమ్‌లలో ఇదీ ఒకటి.

3. ఆటస్థలం – ఆడే విధానం:

ఆటగాడి చేతిలో ఉండేది ఒకే ఒక జాయ్‌స్టిక్. పైకి, కిందికి, ఎడమకు, కుడికి – ఈ నాలుగు దిశలు తప్ప వేరే ఆజ్ఞ లేదు. కాల్చే మీట లేదు, ఎగిరే మీట లేదు.

తెరమీద గోడలతో ఏర్పడిన చిక్కుదారుల పటం ఉంటుంది. కంటికి గీతలుగా కనిపించే ఈ పటం యంత్రానికి మాత్రం 28 నిలువు వరుసలు, 31 అడ్డు వరుసలు గల గళ్ళపలక. ప్రతి గడి 8×8 బిందువుల చతురస్రం. పాక్-మాన్, దయ్యాలు ఏ క్షణాన ఏ గడిలో ఉన్నదీ యంత్రం లెక్కిస్తుంది. పాక్-మాన్, దయ్యం ఒకే గడిలోకి వస్తే పట్టుబడినట్లు.

దారుల్లో 240 చిన్న చుక్కలు, నాలుగు మూలలకు దగ్గరగా 4 శక్తిగుళికలు ఉంటాయి. చుక్కకు 10, గుళికకు 50 పాయింట్లు. ఈ 244నూ తినేస్తే ఒక అంచె పూర్తవుతుంది. ఒక్క అంచెలో వీటివల్ల వచ్చేది 2,600 పాయింట్లు. పటానికి ఎడమ, కుడి అంచులను కలిపే సొరంగం ఒకటుంది. ఒకవైపు నుండి వెళితే మరోవైపు నుండి బయటికి రావచ్చు. పటం మధ్యలో దయ్యాల గది ఉంటుంది.

శక్తిగుళిక తిన్న వెంటనే వేట తలకిందులవుతుంది. దయ్యాలు నీలిరంగుకు మారి మెల్లగా తిరుగుతాయి. కొద్దిసేపు పాక్-మాన్ వాటిని తినవచ్చు. ఒకే గుళిక ప్రభావంలో వరుసగా తిన్న దయ్యాలకు 200, 400, 800, 1,600 చొప్పున పాయింట్లు వస్తాయి. అంటే నాలుగింటినీ తింటే 3,000. తినబడిన దయ్యం కళ్ళు మాత్రం మిగిలి గదికి చేరుకొని, తిరిగి రూపం ధరించి బయటికి వస్తుంది. పాలకూర తిని బలం పుంజుకొనే పొపాయ్ కార్టూన్ ఈ ఆలోచనకు ప్రేరణ.

ఇవి కాక, ప్రతి అంచెలో 70 చుక్కలు తిన్నాక ఒకసారి, 170 చుక్కలు తిన్నాక మరోసారి గది కింద ఒక పండు కొద్దిసేపు కనిపిస్తుంది. మొదటి అంచెలోని చెర్రీపండుకు 100 పాయింట్లు. పోనుపోను విలువ పెరిగి 13వ అంచె నుండి తాళంచెవి రూపంలో 5,000 అవుతుంది.

4. దయ్యాల మూడు స్థితులు:

దయ్యాలు ఎల్లప్పుడూ వెంటాడవు. వాటికి మూడు స్థితులున్నాయి: వేటస్థితి, విరామస్థితి, భీతిస్థితి. గుళిక తిన్నప్పుడు భీతిస్థితి వస్తుంది. మిగిలిన రెండూ గడియారాన్ని అనుసరించి మారుతుంటాయి. మొదటి అంచెలో ఆ క్రమం ఇది: 7 సెకన్ల విరామం, 20 సెకన్ల వేట, మళ్ళీ 7 సెకన్ల విరామం, 20 సెకన్ల వేట, 5 సెకన్ల విరామం, 20 సెకన్ల వేట, 5 సెకన్ల విరామం, ఆ తరవాత ఆగని వేట. భీతిస్థితి ఉన్నంతసేపు ఈ గడియారం నిలిచిపోతుంది. ప్రాణం పోయినా, కొత్త అంచె మొదలైనా మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ ఆటుపోట్ల వెనుక ఉద్దేశాన్ని ఇవతాని తన సంభాషణల్లో వివరించాడు. నిరంతరం వెంటాడితే ఆటగాడు అలసిపోయి ఆట మానేస్తాడు. దాడి, వెనుకంజ అలల్లా వచ్చిపోతుంటే ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది.

ఆటగాడికి ఇందులో ఒక సంకేతం దొరుకుతుంది. దయ్యాలు మామూలుగా వెనుదిరగవు. వేట నుండి విరామానికి, విరామం నుండి వేటకు, లేదా వీటిలో దేని నుండైనా భీతికి మారే క్షణంలో మాత్రమే అవి తప్పనిసరిగా వెనుదిరుగుతాయి. గుళిక తినకుండానే దయ్యాలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయంటే, కనిపించని గడియారం గంట కొట్టిందని అర్థం.

5. కదలికసూత్రం:

నాలుగు దయ్యాలకూ కదలికసూత్రం ఒక్కటే. ప్రతి దయ్యానికీ ఏ క్షణంలోనైనా ఒక లక్ష్యగడి ఉంటుంది. కూడలికి చేరబోయేముందు దయ్యం తాను వెళ్ళగల గళ్ళను చూస్తుంది. వచ్చిన దారిన వెనక్కి వెళ్ళడం నిషిద్ధం. మిగిలిన గళ్ళలో ఏది లక్ష్యగడికి సరళరేఖలో అతిసమీపంగా ఉందో దాన్నే ఎంచుకొంటుంది. రెండు గళ్ళు సమానదూరంలో ఉంటే పైదిక్కుకు మొదటి ప్రాధాన్యం, తరవాత ఎడమకు, ఆ తరవాత కిందికి.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. దయ్యం దారిని వెతకదు. మధ్యలో గోడలున్నాయా, ఈ దారిన వెళితే చుట్టు తిరగవలసివస్తుందా అన్న విచారణ దానికి లేదు. ఒక్క గడి ముందుకు మాత్రమే ఆలోచించి సరళరేఖను కొలుస్తుంది. అందుకే కొన్నిసార్లు పాక్-మాన్‌కు చేరువలో ఉండి కూడా దూరపుదారిలోకి మళ్ళుతుంది. చూసేవారికి అది తెలివితక్కువతనంగానో, చుట్టుముట్టే పన్నాగంగానో తోస్తుంది. నిజానికి రెండూ కావు. అది కొలత ఫలితం.

విరామస్థితిలో దయ్యాలు మూలల్లో గుండ్రంగా తిరగడానికీ ఇదే కారణం. అప్పుడు వాటి లక్ష్యాలు పటానికి నాలుగు మూలల్లో, దారులకు అవతల, చేరరాని చోట ఉంటాయి. గోడలు దాటలేవు, వెనుదిరగలేవు. కాబట్టి ఆ మూలలోని గోడ చుట్టూ ప్రదక్షిణం చేస్తాయి. 'చుట్టూ తిరుగు' అన్న ఆజ్ఞ ప్రత్యేకంగా ఎక్కడా లేదు.

ఈ సూత్రానికి ఒక సవరణ ఉంది. గదికి పైన రెండు, పాక్-మాన్ బయలుదేరే చోటికి దగ్గరలో రెండు, మొత్తం నాలుగు కూడళ్ళలో వేట, విరామస్థితుల్లో దయ్యాలు పైకి తిరగకూడదు. పాక్-మాన్‌కు ఆ నిషేధం లేదు. ఇది తెలిసిన ఆటగాడు ఆపదలో ఆ కూడళ్ళను ఆశ్రయిస్తాడు.

6. నాలుగు నియమాలు – నాలుగు స్వభావాలు:

కదలికసూత్రం ఒక్కటే అయినా, వేటస్థితిలో లక్ష్యగడిని నిర్ణయించే పద్ధతి ఒక్కొక్క దయ్యానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. భేదమంతా ఇక్కడే ఉంది.

6.1 బ్లింకీ: ఎర్రని దయ్యం. పాక్-మాన్ ఉన్న గడే దీని లక్ష్యం. అందువల్ల ఎప్పుడూ వెనుక నుండి తరుముతున్నట్లు ఉంటుంది. జపనీయంలో దీని స్వభావనామం 'ఓయికాకే', అంటే వెంటాడేది. మొదటి అంచెలో 20 చుక్కలు మిగిలినప్పుడు ఒకసారి, 10 మిగిలినప్పుడు మరోసారి దీని వేగం పెరుగుతుంది. ఆ దశలో విరామసమయంలో కూడా ఇది వేట మానదు. చివరి చుక్కల కోసం తొందరపడే ఆటగాళ్ళు ఎక్కువగా దీనికే చిక్కుతారు.

6.2 పింకీ: గులాబీరంగు దయ్యం. పాక్-మాన్ ముఖం ఎటు ఉందో అటు నాలుగు గళ్ళ ముందున్న గడి దీని లక్ష్యం. కాబట్టి ఎదురుగా వచ్చి దారి కాచినట్లుంటుంది. స్వభావనామం 'మచిబుసే', మాటువేసేది. ఈ లెక్కలో ఒక దోషం మిగిలిపోయింది. పాక్-మాన్ పైకి చూస్తున్నప్పుడు లక్ష్యం నాలుగు గళ్ళు పైకే కాక నాలుగు గళ్ళు ఎడమకూ జరుగుతుంది. ఆటగాడికి ఉపయోగపడే బలహీనత మరొకటి ఉంది. పింకీ చాలా దగ్గరకు వచ్చినప్పుడు దానికి ఎదురుగా తిరిగితే, నాలుగు గళ్ళ ముందున్న లక్ష్యం పింకీ వెనుకకు పోతుంది. అక్కడ పక్కదారి ఉంటే పింకీ దానిలోకి తప్పుకుంటుంది. ధైర్యంగా ఎదురు వెళ్ళినందుకు దయ్యం బెదిరినట్లు కనిపించే దృశ్యమిది.

6.3 ఇంకీ: లేతనీలి దయ్యం. దీని నియమం తక్కినవాటికంటే క్లిష్టమైనది. పాక్-మాన్‌కు రెండు గళ్ళ ముందున్న చోటును గుర్తించాలి. బ్లింకీ ఉన్న గడి నుండి ఆ చోటికి గీత గీసి, అదే దిశలో మరి అంత దూరం పొడిగించాలి. గీత చివర ఇంకీ లక్ష్యం. బ్లింకీ సరిగ్గా వెనుక మూడు గళ్ళ దూరంలో ఉంటే, గుర్తించిన చోటికి దాని దూరం ఐదు గళ్ళు. మరో ఐదు పొడిగిస్తే ఇంకీ లక్ష్యం పాక్-మాన్‌కు ఏడు గళ్ళ ముందు పడుతుంది. బ్లింకీ పది గళ్ళ వెనుక ఉంటే ఆ లక్ష్యం పద్నాలుగు గళ్ళ ముందుకు పోతుంది. ఎర్రదయ్యం దగ్గరవుతున్నకొద్దీ నీలిదయ్యం గురి కుదురుతుందన్నమాట. ఇంకీని మాత్రమే చూస్తున్నవారికి దీని నడక ఎప్పటికీ అంతుపట్టదు. రెండు దయ్యాలను కలిపి చూడాలి. స్వభావనామం 'కిమగురే', నిలకడలేనిది.

6.4 క్లైడ్: నారింజరంగు దయ్యం. పాక్-మాన్ ఎనిమిది గళ్ళు లేదా అంతకుమించిన దూరంలో ఉంటే ఇది బ్లింకీలాగే వెంటాడుతుంది. ఆ దూరంలోపలికి రాగానే లక్ష్యం మారి, పటానికి ఎడమవైపు కింది మూలకు పోతుంది. దూరమైతే మళ్ళీ వెంటాడుతుంది. స్వభావనామం 'ఓతోబోకే', ఏమీ ఎరగనట్లుండేది. దీన్ని పిరికిదని తలచి ఉపేక్షించడం ప్రమాదం. పాక్-మాన్ ఆ ఎడమ కింది మూలలోనే ఉంటే, పారిపోతున్న క్లైడ్ దారి అటే వస్తుంది.

అందువల్ల ఈ నాలుగూ ఒకదానివెనుక ఒకటి బారులు తీరవు. ఒకటి వెనుక నుండి, ఒకటి ముందు నుండి, ఒకటి పక్క నుండి వస్తాయి; మరొకటి వచ్చిపోతుంది. అవి కూడబలుక్కొని వల పన్నినట్లు ఉంటుంది. కానీ వాటిమధ్య సంభాషణ లేదు. బ్లింకీ ఉన్న గడిని ఇంకీ నియమం వాడుకోవడం ఒక్కటే వాటికున్న సంబంధం.

7. స్వభావం ఎక్కడ ఉంది?

పైనియమాల్లో కోపం, కపటం, చాపల్యం, పిరికితనం అన్న మాటలకు చోటు లేదు. ఉన్నవి గళ్ళ కూడికలు, దూరాల కొలతలు మాత్రమే. అయినా ఆటగాడు ఎర్రదయ్యాన్ని పగబట్టినదిగా, గులాబీదయ్యాన్ని మాయలమారిగా అనుభవిస్తాడు. ఈ స్వభావం ప్రోగ్రామ్‌లో లేదు, తెరమీద లేదు. చూసేవారి మనసులో నిష్పన్నమవుతుంది. రసం సహృదయునిలో నిష్పన్నమవుతుందని చెప్పే అలంకారశాస్త్రంతో పరిచయమున్నవారికి ఈ విషయం కొత్తగా తోచదు. అయితే కావ్యంలో పాత్రను మలిచిన కవి ఆ స్వభావాన్ని మాటల్లోనూ చేష్టల్లోనూ నిలుపుతాడు. ఇక్కడ నిలిపింది ఒక్క కొలతభేదం. అంత స్వల్పమైన ఆధారంతో అంత స్పష్టమైన వ్యక్తిత్వం స్ఫురించడం ఈ ఆట చేసిన కీలకమైన ఆవిష్కరణ.

దీనికి మరోపార్శ్వం ఉంది. స్వభావాన్ని నమ్మిన ఆటగాడు ఓడిపోతాడు. క్లైడ్ పిరికిదని నమ్మినవాడు ఎడమ కింది మూలలో దొరికిపోతాడు. నీలిదయ్యం పిచ్చిదని నమ్మినవాడు దాని రాకను ముందే పసిగట్టలేడు. స్వభావం అన్నది నియమానికి ఆటగాడు పెట్టుకొన్న తాత్కాలికమైన పేరు. తొలి అడుగులో అది ఉపకరిస్తుంది. అక్కడే ఆగితే అడ్డుపడుతుంది. యంత్రాలు మనుషుల్లా మాట్లాడుతున్న ఈ కాలంలో, ప్రవర్తనను చూసి మనసును ఊహించే మన అలవాటును పరీక్షించుకోవడానికి ఇది చిన్నదైనా నిక్కచ్చి అయిన నమూనా.

8. వేగం – మలుపు:

నియమం తెలిసినా చేయి దానికి లొంగాలి. ఈ ఆటలో వేగాలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. యంత్రం అనుమతించే గరిష్ఠవేగం 100 అనుకొంటే, మొదటి అంచెలో పాక్-మాన్ వేగం 80, దయ్యాలది 75. చుక్కలు తింటున్నప్పుడు పాక్-మాన్ వేగం సుమారు 71కి పడిపోతుంది. అంటే ఖాళీదారిలో దయ్యాన్ని మించి పరుగెత్తగల పాక్-మాన్, చుక్కలున్న దారిలో దానికంటే వెనుకబడతాడు. తరుముతున్నప్పుడు తిన్నదారినే పట్టాలన్నది మొదటి పాఠం. సొరంగంలో దయ్యాల వేగం 40కి తగ్గుతుంది, పాక్-మాన్‌కు తగ్గదు. సొరంగం ఆశ్రయమన్నది రెండో పాఠం. కూడలి నడిమికి చేరకముందే జాయ్‌స్టిక్ తిప్పితే పాక్-మాన్ మలుపును అడ్డంగా కోసుకొనిపోతాడు. దయ్యాలకు ఆ వెసులుబాటు లేదు. మలుపులెక్కువున్న దారిలో ప్రతి మలుపుకూ కొద్దిపాటి దూరం కలిసొస్తుందన్నది మూడో పాఠం.

అంచెలు గడిచేకొద్దీ సమతూకం మారుతుంది. 21వ అంచె నుండి పాక్-మాన్ వేగం 90, దయ్యాలది 95. ఖాళీదారిలో కూడా ఆధిక్యం దయ్యాలదే. భీతిస్థితి మొదటి అంచెలో 6 సెకన్లు. రెండో అంచెలో 5. క్రమంగా కుంచించుకొని, మధ్యమధ్య కాస్త పెరిగినా, 17వ అంచెలోనూ 19వ అంచె నుండి చివరిదాకానూ అసలే ఉండదు. గుళిక తింటే అప్పుడు దయ్యాలు వెనుదిరుగుతాయి, అంతే. ఆయుధం పోయాక మిగిలేది జ్ఞానమొక్కటే.

9. కంఠస్థం – అర్థగ్రహణం:

భీతిస్థితిలో దయ్యాలు కూడళ్ళలో ఎటుపడితే అటు తిరుగుతున్నట్లు కనిపిస్తాయి. ఆటమొత్తంలో అదృష్టానికి చోటున్నట్లు తోచేది ఇక్కడ మాత్రమే. కానీ ఆ సంఖ్యలు కూడా ఒక సూత్రం నుండి పుట్టినవే. ప్రతి అంచె మొదట్లోనూ, ప్రాణం పోయి తిరిగి మొదలైనప్పుడూ ఆ సంఖ్యాశ్రేణి అదే మొదటిబిందువు నుండి ఆరంభమవుతుంది. కాబట్టి ఒక అంచెలో ఒకే విధంగా నడిస్తే దయ్యాలూ ప్రతిసారీ ఒకేవిధంగా నడుస్తాయి.

దీన్ని గుర్తించిన ఆటగాళ్ళు నిర్ణీతమైన బాటలను తయారుచేసి కంఠస్థం చేశారు. 1980ల తొలినాళ్ళలోనే అమెరికాలో ఇలాంటి బాటలను బొమ్మలతో చూపే పుస్తకాలు వెలువడ్డాయి. 21 నుండి 255 వరకు ఉన్న 235 అంచెలకూ నియమాలు ఒక్కటే కావడంతో, వాటన్నిటికీ ఒకే బాట సరిపోతుంది. 13వ అంచెలో మొదటి తాళంచెవి వస్తుంది కనుక 21వ అంచెలోది తొమ్మిదోది. ఆటగాళ్ళ వాడుకలో ఆ బాటకు 'తొమ్మిదో తాళంచెవి బాట' అన్న అర్థంవచ్చే పేరు స్థిరపడింది.

కంఠస్థం చేసినవారికి విజయం సులభమే. కానీ ఒక మలుపులో చేయి తడబడితే దయ్యాల నడక మారిపోతుంది; అప్పటి నుండి బాట పనికిరాదు. వల్లించిన పద్యంలో ఒక పాదం మరిచి నిలబడిపోయిన విద్యార్థి స్థితి అది. నియమం తెలిసినవారు మాత్రం అక్కడి నుండి కొత్తదారి చూసుకోగలరు. దయ్యాలను ఒకచోటికి చేర్చి, గుంపుగా వెంట తిప్పుకొంటూ మిగతా పటాన్ని ఖాళీ చేసుకోవడం అలాంటివారి పద్ధతి. 1982లో వచ్చిన 'మిస్ పాక్-మాన్' ఈ భేదాన్ని మరింత స్పష్టం చేసింది. అందులో పటాలు నాలుగు. దయ్యాల చలనంలో కొంత యాదృచ్ఛికత చేరింది. కంఠస్థం చేసిన బాటలకు అక్కడ విలువ లేదు. అర్థం చేసుకొన్న నియమాలకు విలువ నిలిచింది.

10. 256వ అంచె – నియమానికి హద్దు:

ఈ ఆటకు రచయితలు ముగింపు రాయలేదు. అయినా అది ముగుస్తుంది. అంచెల సంఖ్యను యంత్రం 8 బిట్ల స్థలంలో దాచుకొంటుంది. అందులో 0 నుండి 255 వరకే పడుతుంది. లెక్క 0తో మొదలవుతుంది కనుక 256వ అంచెకు అక్కడున్న సంఖ్య 255. తెర అడుగున పండ్లు గీసే భాగం దానికి ఒకటి కలుపుతుంది. ఫలితం 256 కాక 0 అవుతుంది. సున్నాను సరిగా అర్థం చేసుకోలేని ఆ భాగం గరిష్ఠంగా ఏడు పండ్లకు బదులు 256 పండ్లు గీయబోతుంది. పండ్లు కాని సమాచారాన్ని కూడా పండ్లుగా భావించి తెర కుడిసగమంతా అక్షరాలతో, గుర్తులతో నింపేస్తుంది. అంచె పూర్తికావడానికి కావలసినన్ని చుక్కలు మిగలవు. ఆట ముందుకు సాగదు.

ఈ హద్దు ఉన్నందువల్లనే ఆటకు గరిష్ఠఫలితం ఉంది. 255 అంచెల చుక్కలు, గుళికలకు 6,63,000. దయ్యాలు నీలిరంగుకు మారే 17 అంచెల్లో ప్రతి గుళికకూ నాలుగు దయ్యాల చొప్పున తింటే 2,04,000. అన్ని పండ్లకు 24,59,600. మొత్తం 33,26,600. చివరి అంచెలో చెడిపోని ఎడమసగంలోని 112 చుక్కలకు 1,120, 2 గుళికలకు 100, ఒకసారి కనిపించే పండుకు 5,000. కుడివైపు గజిబిజిలో దాగిన 9 చుక్కలు ప్రాణం పోయినప్పుడల్లా తిరిగి వస్తాయి. అదనపు ప్రాణంతో కలిపి 6 ప్రాణాలకు వాటివల్ల 540. వెరసి 33,33,360. ఒక్క ప్రాణమూ పోగొట్టుకోకుండా 255 అంచెలు దాటి, ఒక్క దయ్యాన్నీ ఒక్క పండునూ వదలకుండా ఉంటేనే ఈ సంఖ్య దక్కుతుంది. గవ్వల ఆటలో ఇలాంటి సంఖ్యను ముందుగా లెక్కకట్టలేము. నియమమే ప్రత్యర్థి అయిన చోట మాత్రమే పరిపూర్ణత అంకెగా మారుతుంది.

11. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పాక్-మాన్‌లో నాలుగు దయ్యాలకూ కదలికసూత్రం ఒక్కటే. లక్ష్యగడిని నిర్ణయించే పద్ధతిలోని స్వల్పభేదమే వాటికి భిన్నస్వభావాలున్నట్లు తోపింపజేస్తుంది.

2. దయ్యాలు కలిసికట్టుగా పన్నాగం పన్నుతున్నట్లు కనిపించడం నియమాల కలయిక ఫలితమే తప్ప ఉద్దేశపూర్వకమైన సహకారం కాదు.

3. యాదృచ్ఛికంగా కనిపించే భీతిస్థితి కూడా పునరావృతమయ్యే సంఖ్యాశ్రేణిని అనుసరిస్తుంది. అందువల్ల ఆటలో అదృష్టానికి చోటు లేదు.

4. కంఠస్థం చేసిన బాట ఒక్క తడబాటుతో విఫలమవుతుంది. నియమాన్ని గ్రహించినవారికి తడబాటు తరవాత కూడా దారి ఉంటుంది.

5. స్వభావాన్ని ఆపాదించడం పఠనానికి ఆరంభం మాత్రమే. ఆ పేరు వెనుకనున్న కొలతను గుర్తించినప్పుడే పఠనం పూర్తవుతుంది.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కృత్రిమమేధ పాఠ్యక్రమానికి పాక్-మాన్ ఆధారిత అభ్యాసాలను రూపొందించి బోధిస్తున్నారు. నియమం నుండి ప్రవర్తన ఎలా పుడుతుందో చూపడానికి ఈ ఆట అనువైనదని అది తెలుపుతుంది. ప్రవర్తన నుండి నియమాన్ని వెనక్కి చదవడం భాషాసాహిత్యాల విద్యార్థులకూ అవసరమైన సాధనే. కనిపించే వాక్యం నుండి కనిపించని వ్యాకరణాన్ని రాబట్టే శాస్త్రం మనకున్నది. నాణెం వేసి నిలబడిన ఆటగాడు తెరముందు చేసే పని దానికి దూరపు చుట్టమే.